స్పీకర్ల మీద దుప్పటి

"ముందు ఆ మాస్కు దించి మాట్లాడవయ్యా," అన్నాడు పెద్దాయన.

మేస్త్రీకి ఒళ్లు మండింది. పొద్దున్నుంచి ఈ మాట ఎన్నోసారో! హాలు పెద్దది చెయ్యాలని అడ్డగోడ పగలగొట్టిస్తున్నారు. ఇంట్లో ఎక్కడ చూసినా సిమెంటు దుమ్మే. ముక్కూ మూతీ కప్పుకోకపోతే రాత్రంతా దగ్గుతూ కూర్చోవాలి. అయినా ఇంటాయన మాట కాదనలేక మాస్కు గడ్డం కిందికి లాగాడు.

"ఆ రెండు స్పీకర్లూ బయట పెట్టించండి సార్. ఇక్కడ దుమ్ము మామూలుగా లేవదు అంటున్నాను."

"బయట ఎక్కడ పెట్టను? మిగతా గదులు సామానుతో కిక్కిరిసిపోయాయి. వరండాలో పెడితే ఒక్క వానజల్లు చాలు. ఇక్కడే కప్పి ఉంచుతాను, నువ్వు నీ పని కానివ్వు."

కప్పడమంటే అలా ఇలా కప్పడం కాదు. నడుమెత్తు చెక్కపెట్టెలు అవి. ముందువైపు ఉండాల్సిన గుడ్డ చట్రాలు ఆయన ఎప్పుడో పీకేశాడు. లోపలి నల్లటి కాగితపు గరాటులు బోసిగా కనిపిస్తుంటాయి. వాటికి తగలకుండా అట్టముక్క అడ్డం పెట్టి, పాత నూలు దుప్పటి చుట్టి, దాని మీద ప్లాస్టిక్ షీటు వేసి, అంచులన్నీ టేపుతో అంటించాడు. పసిపిల్లను చలిలో బయటికి తీసుకెళ్లే తల్లి కూడా అంత జాగ్రత్త పడదు.

"ఇంత హైరానా ఎందుకు సార్? పాటలు సెల్‌ఫోన్లో కూడా వస్తాయి కదా!"

"అందులో నాకు రావు. ఇవి పోయాయంటే నాకిక పాటే లేదు. ఇలాంటివి ఇప్పుడెవరూ చెయ్యరు, బాగుచేసేవాడూ లేడు."

ఇంటావిడ వచ్చి ఆయన భుజం తట్టింది. ఆయన తన వైపు తిరిగాక, "కాళ్లకి చెప్పులేసుకోండి, నేలంతా మేకులే," అంది.

"చెప్పులేసుకుంటే నాకేమీ తెలిసి చావదే," అని నవ్వాడాయన.

వింత మనిషి అనుకున్నాడు మేస్త్రీ.

ఆ మధ్యాహ్నమే ఇంకో వింత జరిగింది. పెద్దాయన వంటగది గోడకి వీపు ఆనించి టీ తాగుతున్నాడు. ఇవతల హాల్లో మేస్త్రీ పొరపాటున స్పీకర్ల వెనక అదే గోడ మీద సుత్తితో మెల్లిగా రెండు దెబ్బలు వేశాడో లేదో, ఆయన టీ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"అది కాదు! ఆ గోడ జోలికి వెళ్లొద్దని చెప్పానా లేదా?"

"అమ్మో! మీవి పాముచెవులు సార్!" మాస్కు దించి మరీ అన్నాడు మేస్త్రీ.

పెద్దాయన పగలబడి నవ్వాడు. గుమ్మంలో ఇంటావిడ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. అంత జోకు తనేం వేశాడో మేస్త్రీకి అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున మాత్రం గొడవే అయింది. మళ్లీ ఆ మాస్కు దగ్గరే.

"మాట్లాడిన ప్రతిసారీ దించమంటే ఎలా సార్? నావి ఊపిరితిత్తులు కావా? మా మొహం చూస్తే గానీ మీకు మాట ఎక్కదా?"

"ఎక్కదు," అన్నాడు పెద్దాయన మొండిగా. ఇంటావిడ ఏదో చెప్పబోయింది. ఆయన కళ్లతోనే వద్దన్నాడు.

ఎంత పొగరు అనుకున్నాడు మేస్త్రీ. ఇక ఆయనతో మాటామంతీ లేకుండా పని చేసుకుంటూ పోయాడు.

మధ్యాహ్నం టైల్స్ కోసే మిషను దగ్గర కూర్చుని చూస్తే, ఒక స్పీకరుకి టేపు ఊడిపోయి ఉంది. షీటూ దుప్పటీ అట్టముక్కా అన్నీ కలిసి కిందికి జారిపోయాయి. పెద్దాయనేమో ఇటు వీపు పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"సార్, దుప్పటి జారింది!"

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"సార్, మిమ్మల్నే!"

ఆయన తల కూడా తిప్పలేదు. పొద్దుటి కోపం ఇంకా పోలేదన్నమాట. ఆయనకే పట్టనప్పుడు నాకేం పట్టింది అనుకుని మేస్త్రీ మిషను ఆన్ చేశాడు.

గదంతా తెల్లటి పొడి కమ్ముకుంది. పెద్దాయన దగ్గుతూ ఇటు తిరిగి, ఎక్కడివాడు అక్కడే నిలబడిపోయాడు. నల్లటి గరాటు పిండి చల్లినట్టు తెల్లబడిపోయింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

మేస్త్రీకి మనసు చివుక్కుమంది. మిషను ఆపి, ఎవరూ అడగకుండానే మాస్కు దించాడు.

"పిలిచాను సార్, మీరు పలకలేదు. అయినా లేచి నేనే కప్పాల్సింది. పంతానికి పోయాను."

"పిలిచావా?" అన్నాడు పెద్దాయన. "అయితే తప్పు నాదేలే."

ఆ పూట ఇక పని సాగలేదు. పెద్దాయన ఊపిరి బిగబట్టి మెత్తటి కుంచెతో పొడి రాలుస్తుంటే, మేస్త్రీ పక్కనే కూర్చుని టార్చి పట్టాడు. అంతా అయ్యాక ఇంటావిడ వైర్లు తగిలించి ఓ పాత పాట పెట్టింది.

పెద్దాయన నేల మీద చతికిలబడి, చెక్కపెట్టెను రెండు చేతులా పొదువుకుని కళ్లు మూసుకున్నాడు. వేలితో తాళం వేస్తూ, "ఇదిగో, ఇక్కడ దరువు మారుతుంది చూడు," అన్నాడు. మారింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఏం కాలేదు మేస్త్రీ! ఎప్పటిలాగే ఉంది. నువ్వేం దిగులు పెట్టుకోకు."

మేస్త్రీ మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. పాట పొడుగునా గరగరమని ఒకటే రొద. పాడేవాడి గొంతే చీరుకుపోయింది. అది చంటిపిల్లాడికైనా తెలిసిపోతుంది. పెద్దాయన ముందు తలెత్తుకోలేక, ఇంటావిడ దగ్గరికి జరిగి గుసగుసగా అడిగాడు.

"పాట పాడైపోయింది కదమ్మా. నేను బాధపడతానని సార్ అబద్ధం చెబుతున్నారు కదూ?"

ఆవిడ భర్త వంక చూసింది. అరచేతులు చెక్కకి గట్టిగా ఆనించి, కళ్లు మూసుకునే ఆయన ఇంకా నవ్వుతున్నాడు.

"అబద్ధం కాదు నాయనా," అంది ఆవిడ.

"ఆయనకి చెవులు వినపడక పదేళ్లయింది."