నాలుగో ప్లేటు మీద తగాదా

“ఆ నాలుగో ప్లేటు తీసి కాలవలో పారేస్తేగానీ ఈ కథ బాగుపడదు,” అన్నాడు ప్లీడరు గుమాస్తా గోపాలకృష్ణయ్య, కాఫీ ఇంకా చేతికి రాకముందే.

నరసరావుపేట స్టేషన్ రోడ్డులో త్రికోటేశ్వరరావు హోటలది. గల్లాపెట్టె పక్కన గ్రామఫోను, దాని పక్కన ‘రత్నగిరి రాణి’ నాటకం పాటల ప్లేట్ల సెట్టు. ఆరు ప్లేట్లూ కలిపి ఒకటే కథ. రాజు యుద్ధానికి పోతాడు, రాణి కోట బురుజు మీద ఎదురు చూస్తుంది, ఆరో ప్లేటులో రాజు తిరిగొస్తాడు. వచ్చింది నిజంగా రాజేనని ఒక బల్ల, కాదు, అదంతా రాణి కన్న కలేనని ఇంకో బల్ల. రెండు బల్లల మధ్య నాలుగేళ్లుగా మాటలు లేవు, కేకలే.

గోపాలకృష్ణయ్య ఏ బల్లకీ చెందడు. ఆయనది ఒంటరి పార్టీ. ఆయన కోపమంతా నాలుగో ప్లేటు మీదే. ఆ ప్లేటు రెండు వైపులా రాణి ఒక్కతే ఉంటుంది. సంభాషణ లేదు, యుద్ధం లేదు, పద్యాలే.

“అంతసేపు ఏడిస్తే కథ కదులుద్దా? పైగా ఆ గొంతేంది, గీరినట్టు,” అన్నాడు.

త్రికోటేశ్వరరావుకి ఒక నియమం ఉంది. ప్లేట్లు అరిగిపోతాయని, వెయ్యమని అడిగినవాళ్లకి వెయ్యడు. బతిమాలినా వెయ్యడు. కానీ ఆ సెట్టుని ఎవరైనా తిడితే మాత్రం ప్రాణం ఊరుకోదు.

“ముందు వినండి, తర్వాత మాట్లాడండి,” అని విసురుగా కీ ఇచ్చి, సూది మార్చి నాలుగో ప్లేటు పెట్టాడు.

గోపాలకృష్ణయ్య పన్ను నొప్పి వచ్చినవాడిలా కళ్లు మూసుకుని విన్నాడు. అయ్యాక పెదవి విరిచాడు. “చివర్లో శ్రుతి తప్పింది. కావాలంటే ఇంకోసారి వెయ్యి, చూపిస్తా.”

ఇంకోసారి వేశారు. శ్రుతి తప్పలేదు. ఆయన ఒప్పుకోలేదు. రోజూ ఉన్న తంతే ఇది.

ప్లేటు మీద ‘మిస్ శేషరత్నం’ అని పేరుంది. రాజు పార్టీ పెద్ద, సైకిలు షాపు అహ్మద్ నిట్టూర్చాడు. “ఇంత గొంతున్న మనిషి ఇప్పుడు ఏడుందో, ఏ నాటకం ఆడతందో.”

“ఏ ఇంట్లోనో పప్పు రుబ్బుకుంటా ఉంటది. నీకెందుకయ్యా ఆమె సంగతి?” అని కసిరాడు గోపాలకృష్ణయ్య.

ఒక సాయంత్రం కోర్టు వదలగానే ఆయన అలవాటుగా వచ్చి, కూర్చోకుండానే మొదలెట్టాడు. “ఆ నాలుగో ప్లేటు ఉందే...”

“మీరన్నదే నిజం గుమాస్తాగారూ,” అన్నాడు త్రికోటేశ్వరరావు.

గోపాలకృష్ణయ్యకి అర్థం కాలేదు.

“మేం ఓడిపోయాం. ఆ ప్లేటు దండగ. ఆ సెట్టే దండగ. ఈ తగాదాలకి జడిసి కొత్తవాళ్లు లోపలికి రావటంలా. మాచర్ల నుంచి మా బావమరిది వచ్చాడు. పొద్దున బండికి మొత్తం పట్టుకుపోతాడు. రేపట్నుంచి సినిమా ప్లేట్లు.”

రెండు బల్లలవాళ్లూ తలలూపారు. అహ్మద్ లేచొచ్చి, గెలిచినందుకు కాఫీ తన లెక్కన్నాడు. గెలిచినవాడి మొహం ఎలా ఉండాలో అలా లేదు గోపాలకృష్ణయ్య మొహం. గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు.

“ఎవడన్నాడు దండగని?” అన్నాడు.

“మీరే.”

“నేనంటే మాత్రం? మీ బుర్రలేమయినయి?” గ్లాసు బల్ల మీద పెట్టాడు. “రెండో వైపు పద్యం ఎత్తుకోబోయే ముందు ఆవిడ ఊపిరి తీస్తది. ఆ చప్పుడు కూడా ప్లేట్లో పడింది. ఎప్పుడన్నా చెవిపెట్టి విన్నారా? ఆ ఒక్క ఊపిరికి మీ రాజూ యుద్ధమూ సరితూగవు. వచ్చింది రాజయితే ఏంది, కలయితే ఏంది?”

హోటలంతా నోరు తెరిచింది. నాలుగేళ్లలో మొదటిసారి రెండు బల్లలూ కలిసి నవ్వాయి.

గోపాలకృష్ణయ్య నవ్వలేదు. కోర్టులో ఎందరి చేతో దణ్ణాలు పెట్టించుకున్న మనిషి, త్రికోటేశ్వరరావుకి రెండు చేతులూ జోడించాడు. “దాన్ని ఊరు దాటించమాక. ఇకమీదట నోరెత్తను. వెయ్యకపోయినా సరే, ఇక్కడుంటే చాలు.”

జోడించిన ఆ చేతులు చూసి త్రికోటేశ్వరరావుకే సిగ్గేసింది. బావమరిదిని ఉత్త చేతులతో పంపుతానని మాటిచ్చాడు. అడక్కుండానే నాలుగో ప్లేటు పెట్టాడు. గోపాలకృష్ణయ్య అది అయ్యేదాకా నిలబడే విన్నాడు.

దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాడు. ఆయనకంటే కబురే ముందు చేరింది. అహ్మద్ భార్య మాబున్నీసా గోడ మీదుగా అంతా పూసగుచ్చినట్టు చెప్పేసి వెళ్లింది. ఆయన కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చుంటే, భార్య ధనమ్మ కంచం పెట్టి గోంగూర పప్పు వడ్డించింది.

“హోటల్లో ఏందో పెద్ద గోలంటగా?”

“ఏం లేదు. ఏదో ప్లేటు సంగతి. చానా పాతది. పెద్ద బాగుండదు కూడా.”

ధనమ్మ పప్పులో నెయ్యి వేసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“పెళ్లయ్యాక శేషరత్నం అన్న పేరూ వద్దు, పాటా వద్దని నాకు చెప్పింది మీరేగా, ఇప్పుడు నా గొంతు కోసం ఊరందరితో తగాదా ఎందుకండీ, నన్నే ఒక పద్యం అడగరాదూ?”