తోడేలు నోట లేడి పాట

పక్షులు వేషాలు కట్టి ఆటలాడే ఒక అడవిలో, వాగుకు ఇవతలి ఆటలకు పిగిలిపిట్ట పాటలు కట్టేది. అవతలి ఆటలకు దాని స్నేహితుడు, పసులపోలిగాడనే పిట్ట, కట్టేవాడు.

ఒకనాడు కాకి వచ్చి వాలింది.

"పిగిలక్కా, నీ ఆటలో లేడి ఏడ్చే పాటను పోలిగాడు తన ఆటలో తోడేలుకు పెట్టాడు."

పిగిలిపిట్టకు ఒళ్లు మండింది. ఎండిన పండ్లు ఏరుకు తిన్న రోజుల్లో కట్టిన పాట అది. "వాడి స్నేహానికి ఇవాళ్టితో నీళ్లొదిలేస్తాను" అంటూ వాగు దాటింది.

అక్కడ ఆట సాగుతోంది. పాట వరస అచ్చంగా తనదే. కానీ తను సాగదీసి ఏడ్చిన చోట పోలిగాడు స్వరంతో ఒక గంతు వేయించాడు. ఆకలితో ఏడ్చే తోడేలును చూసి పక్షులు నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాయి. తిట్టడానికి నోరు తెరిచిన పిగిలిపిట్ట, తన కాలు కొమ్మ మీద తాళం వేస్తోందని చూసుకుని నోరు మూసుకుంది.

తన తర్వాతి ఆటలో ఆ గంతును ముసలి గుడ్లగూబ జోలపాటలో పెట్టింది. చూడవచ్చిన పోలిగాడి పక్కన కాకి చేరింది.

"అన్నా, నీ గంతు ఎత్తుకుపోయింది చూశావా?"

"ఇన్నాళ్లూ ఎత్తుకుపోలేదంటే బాగాలేదేమోనని బెంగపడ్డానురా" అన్నాడు పోలిగాడు.

కాకికి చిర్రెత్తింది. "ఇద్దరూ దొంగలే."

"నిజమే నాయనా" అంది పిగిలిపిట్ట పై కొమ్మ నుంచి. "నువ్వొక్కడివే దొరవి. ఇద్దరి ఆటలూ మొదట్నుంచి చివరిదాకా విన్నావు, ఇప్పటికీ కావుకావుమనే అంటున్నావు."