సోమలింగం పట్టిచ్చిన దొంగ

దొంగ సినిమా లింకును పట్టిచ్చింది సోమలింగమే. అందుకే మేనేజర్ ఉమాకాంత్ భాయ్ పిలుస్తున్నాడనగానే, శాలువా కప్పుతారేమోనని చొక్కా సర్దుకుని మరీ ప్రొజెక్టర్ రూము మెట్లు దిగాడు. ఆఫీసు గదిలో శాలువా లేదు. సినిమా కంపెనీ తరఫున అహ్మదాబాద్ నుంచి వచ్చిన కళ్ళద్దాల మనిషి ఒకడున్నాడు, ఆయన ముందు ల్యాప్‌టాప్ ఉంది.

"దొంగ మన హాల్లోనే ఉన్నాడు సోమ్‌లింగ్ భాయ్," అన్నాడు మేనేజర్ హిందీలో.

కళ్ళద్దాల మనిషి నిదానంగా వివరించాడు. ఏ హాల్లో ఆడే బొమ్మలోనైనా కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుందట. దొంగ లింకులో దొరికిన సినిమాలో ఆ గుర్తు పట్టి చూస్తే పాండేసరాలోని ఈ హాలే తేలింది. మొన్న ఆదివారం మ్యాట్నీ ఆట. పైగా కుర్చీలో కూర్చుని తీసి ఉంటే ముందువాళ్ళ తలకాయలు పడాలి. ఇందులో ఒక్క తలకాయా లేదు. అంటే పైనుంచి తీశారు.

"పైన ఎవరుంటారు?" అని అడిగాడు.

పైన సోమలింగం ఒక్కడే ఉంటాడు.

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే కదా! అసలు ఆపరేటర్‌కు ఇప్పుడు పనేముంది గనక? సినిమా హార్డ్‌డిస్కులో వస్తుంది, టైముకు దానంతటదే మొదలవుతుంది, దానంతటదే ఆగుతుంది. పక్కన కాపలా కూర్చోవడమే కొలువు. ఆ ఖాళీలోనే ఫోను అంటుకుంది. అలాగని అందరిలా రీల్స్ చూస్తూ కూర్చునే రకం కాదు. దొంగ లింకు ఎక్కడ కనబడితే అక్కడ 'టాకీసుల చూడుర్రి, మా పొట్ట కొట్టకుర్రి' అని రాసేవాడు. జనం తిట్టిపోసేవారు. 'నువ్వింక బతికే ఉన్నవా తాతా' అని ఒకడు అడిగాడు కూడా. అలాంటిది ఈ ఊరికి వలసొచ్చిన మనవాళ్ళ కోసం తన హాల్లో ఆడుతున్న తెలుగు సినిమానే లింకులో దొరికితే ఊరుకుంటాడా? కంపెనీకి ఫిర్యాదు పెట్టాడు. వాళ్ళు పంపిన థాంక్స్‌ను స్టేటస్ పెట్టుకున్నాడు. చూసినవాళ్ళంతా చప్పట్ల బొమ్మలు పంపారు.

భార్య పద్మారాణి మాత్రం పంపలేదు. వడోద్‌లోని వాళ్ళ రూములో చీరకు స్టోన్లు అంటిస్తున్నదల్లా చెయ్యి ఆపి, "అది పెట్టినోళ్ళకు ఏమైతదయ్యా?" అని అడిగింది.

"మూడేండ్లు లోపలేస్తరు."

"తెల్వక పెట్టిండ్రనుకో?"

"తెల్వక ఎట్ల పెడ్తరే? దొంగ దొంగనే."

ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. దీని మనసు వెన్న, దొంగల మీద కూడా జాలే అని నవ్వుకుని సోమలింగం మజ్జిగ కలుపుకుని తినేశాడు.

కళ్ళద్దాల మనిషి చెయ్యి చాపాడు. సోమలింగం ఫోను తాళం తెరిచి ఇచ్చాడు. ఫొటోలు, వీడియోలు, తీసి పారేసినవి కూడా వదలకుండా వెతికారు. గుడ్ మార్నింగ్ పువ్వులు, రేషన్ కార్డు, స్టోన్లు అంటించిన చీరలు, మళ్ళీ పువ్వులు. సినిమా ముక్క ఒక్కటీ లేదు. ఈ మనిషి అలాంటివాడు కాదని ముందే చెప్పాను కదా అన్నాడు మేనేజర్, తనే గండం గట్టెక్కినట్టు.

ఫోను మళ్ళీ చేతికొచ్చింది. వాళ్ళు కాల్స్ చూడలేదు. చూసి ఉంటే ఆదివారం మ్యాట్నీ మొదలైనప్పటి నుంచి శుభం పడేదాకా పద్మారాణితో ఒకటే వీడియో కాల్ కనబడేది. ఏ ఆదివారమైనా అంతే. చీరలు సోమవారానికి ఇవ్వాలి గనక ఆమెకు ఆదివారం లేదు. పక్క రూము విజయశ్రీ, ఆ వరసలోని మిగతా ఆడవాళ్ళు అందరూ అక్కడే చేరి స్టోన్లు అంటిస్తారు. సోమలింగం ఇక్కడ తెర కనబడే గోడ కిటికీ అద్దానికి ఫోను ఆనించి పెడతాడు. అక్కడ వాళ్ళు పని చేసుకుంటూ సినిమా చూస్తారు. అదేమన్నా రికార్డు చేయడమా? కాల్‌లో పోయింది గాలిలో కలిసిపోతుంది. దానికి ఎవరి పొట్ట కొట్టినట్టు? అలా తనకు తాను నచ్చజెప్పుకున్నాడు గానీ దొంగకు తేలు కుట్టినట్టయింది, కిక్కురుమనడానికి లేదు. ఇక వెళ్ళొచ్చునా అని అడిగాడు.

ఇంకొక్క పని ఉందన్నాడు కళ్ళద్దాల మనిషి. ఆ దొంగ సినిమాలో ఒకచోట ఆడమనిషి గొంతు పడిందట. సినిమాలోది కాదు, తీస్తున్నవాళ్ళ పక్కనుంచి వచ్చింది. తెలుగని తెలుస్తోంది, ఏమంటోందో తెలియడం లేదు. పోలీసులకిచ్చే కాగితంలో అది రాయాలి.

"హాలు స్టాఫులో తెలుగు వచ్చినవాడివి నువ్వొక్కడివే," అని మేనేజర్ తెల్ల కాగితం, పెన్ను అతని ముందుకు జరిపాడు. "విని, ఉన్నదున్నట్టు హిందీలో రాసివ్వు భాయ్."

వద్దంటే అనుమానం. సోమలింగం కుర్చీ అంచున కూర్చున్నాడు. ల్యాప్‌టాప్‌లో పాట అయిపోయింది, మసక మసకగా విశ్రాంతి కార్డు పడింది. అంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో గొంతు స్పష్టంగా వినబడింది.

"ఓ విజయా, నీ ఫోన్ల తీసుడైతే తీస్తున్న, మా చెల్లెకు పంపుదమని... గని జర ఎవ్వలకు జెప్పకే, ఇది మా ఆయన సూపిస్తున్న సినిమా అని."