వెనకటి కూలీలు

"బూట్లు ఇప్పు గంగరాజం. డెబ్బై ఏండ్ల కిందట చమురు కోసం తవ్విన కూలీలకు బూట్లు యాడివి?" అన్నాడు కడప ఫోర్‌మన్ జిలాని.

అరబ్బు దేశంలోని దుక్మ్ ఎడారిలో ఆయిల్ కంపెనీ మ్యూజియం కోసం సినిమా తీస్తున్నారు. తెల్లదొర వేషగాడు గొడుగు కింద నిలబడ్డాడు. కంపెనీలో కూలీలైన గంగరాజం, లింబాద్రి ముతక లుంగీల్లో వెనకటి కూలీల వేషం కట్టి ఇనుప గొట్టం మోస్తున్నారు.

"పన్నెండున్నర దాటింది భాయ్. ఎండకాలం గీ టైంల పని బందు గదా?" అన్నాడు లింబాద్రి.

"ఇది పని కాదప్పా, యాక్టింగు. ఆ రూలు దీనికి రాదు."

ఆరోసారి నడిచేటప్పుడు గంగరాజం ఇసుకలో బోర్లా పడ్డాడు. గొట్టం వీపు మీద పడింది.

"నీళ్లు తేండ్రి! జల్ది!" అంటూ వంగబోయిన లింబాద్రిని జిలాని చెయ్యి పట్టి పక్కకు లాగాడు.

"ఉండప్పా! కెమెరా తిరుగుతాంది. భలే వస్తాంది."

ఇసుకను గీరుతున్న గంగరాజం వేళ్లు కాసేపటికి ఆగిపోయాయి. అప్పుడు డైరెక్టర్ కట్ చెప్పాడు.

పక్కనున్న చిన్న తెరలో అదంతా చూసిన జిలానికి కళ్లు చెమర్చాయి.

"ఆ కాలం దొర నాకొడుకులు ఎంత కసాయోళ్లప్పా!"

తను పట్టుకున్న లింబాద్రి చేతిని మాత్రం అతను ఇంకా వదల్లేదు.