పీపాలో సముద్రం

"అత్తా! పీపాలో నీళ్ళు యాడికి పోయినాయి?"

చంకలో పిల్లను ఎగేసుకుని కన్యకమ్మ పెరట్లోంచి కేక వేసింది. పీపా అడుగున చారెడు నీళ్ళు కూడా లేవు. లోపల నడవలో, మంచమంత గాజుతొట్టిలో, నీళ్ళు సగానికి దిగిపోయి ఉన్నాయి. ఆ సగం ఇప్పుడే తన చేతులతోనే తోడి కాలవలో పారబోసింది. పగడపు రాళ్ళ కొసలు బయటపడ్డాయి. గ్రహణానికని అత్తగారు వేసిన దర్భపుల్ల కింద పసుపుచారల చేపలన్నీ ఒకచోట చేరి, ఇప్పుడేం చేస్తావన్నట్టు ఆమెనే చూస్తున్నాయి.

రాజ్యలక్ష్మమ్మ తడిచీరతోనే వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"గ్రహణం విడిచినాది కదే. స్నానాలు చేసినాము."

"దేంతో?"

"సముద్రంతో! మీ మామ మద్రాసు నుంచి రైల్లో తెప్పించిన సముద్రాన్ని ఇంట్లో పెట్టుకొని, విడుపు స్నానానికి బావినీళ్ళు పోసుకుంటారా ఎవరైనా? నేనొక్కదాన్నే పుణ్యం మూటగట్టుకుంటే బాగుండదని వీధిలో అందరినీ పిలిస్తి. తలా రెండు చెంబులు. నీకూ ఒక చెంబు దాచిపెట్టినాలే."

ఆ తొట్టిని మామ ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. స్టేషన్ నుంచి పీపాను సైతం ఒక్కడే బండి తోలుకుని తెచ్చేవాడు. అలాంటి మనిషి మొట్టమొదటిసారి, "నీళ్ళు నువ్వే మార్చమ్మా, నీ చెయ్యి నెమ్మది" అని చెప్పి ప్రొద్దుటూరు వెళ్ళాడు. మధ్యాహ్నం బస్సుకు ఎవరో పెద్దమనిషిని చేపలు చూపించడానికి వెంటబెట్టుకుని వస్తున్నాడు.

"చేపలు చస్తాయి అత్తా! మామకు ఏం చెప్పల్ల?"

"ఏడవద్దే. సముద్రమంటే ఏముండాది? నీళ్ళు, ఉప్పు. మన ఇంట్లో రెండూ లేవా?"

అంటూనే ఆవిడ మామిడికాయ ఊరగాయకని తెచ్చిన ఉప్పుమూట విప్పేసింది. కన్యకమ్మ పిల్లను చాపమీద కూర్చోబెట్టి బావిలో చేద వేసింది. గంగాళం నిండింది. ఉప్పు ఎంత వేయాలో మాత్రం ఇద్దరికీ తెలియదు. ఇద్దరూ పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూసినవాళ్ళు కారు.

"నాగక్క!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. పక్కింటి నాగక్క రామేశ్వరం పోయివచ్చిన మనిషి.

నాగక్క తడిజుట్టు ముడేసుకుంటూ వచ్చింది. "ఇందాకటి నీళ్ళు అచ్చం రామేశ్వరమేనమ్మా! రవ్వంత నోట్లో పడినాయి. నా జన్మ ధన్యమయినాది" అంటూ గంగాళంలో వేలు ముంచి చప్పరించింది.

"చప్పగుండాది."

దోసెడు పడింది.

"మజ్జిగలోకయితే సరిపోతాది. సముద్రానికి చాలదు."

ఇంకా పడింది.

"ఊఁ... దగ్గరికొస్తాండాది. ఊరు కనపడతాండాది. ఇంకొంచెం ఏయి... థూ! థూ! ఇదీ! ఇదే రామేశ్వరం!"

ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. చాపమీద పిల్ల కూడా గంగాళంలో వేలు పెట్టి నాకి, వేపాకు నమిలినట్టు మొహం పెట్టింది. దాన్ని చూసి కన్యకమ్మ నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నీళ్ళు మోసింది. బిందె వెనక బిందె తొట్టిలోకి వంచారు. చేపలు కాసేపు బిగుసుకుపోయాయి. తర్వాత ఒకటి తోకాడించింది. దాని వెనకే మిగతావన్నీ గిర్రున తిరిగాయి.

అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడు.

వచ్చిన పెద్దమనిషి తొట్టికి ముక్కు ఆనించి, "ఓహో! సముద్రాన్నే కడపకు తెచ్చినావు కదప్పా నాగసుబ్బయ్యా!" అని మురిసిపోయాడు. నాగసుబ్బయ్య మాత్రం కోడలి ముంజేతికి అంటుకున్న ఉప్పుగల్లును చూశాడు. మెల్లగా వంటింటి గడప దగ్గరికి పిలిచాడు.

"తప్పయిపోయినాది మామా" అంది కన్యకమ్మ. "పీపా నీళ్ళు గ్రహణం స్నానాలకు అయిపోయినాయి. బావినీళ్ళలో నేనే ఉప్పు కలిపినా."

"రుచి ఎవురు చూసినారు?"

"నాగక్క."

నాగసుబ్బయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"బతికించినావు తల్లీ! ఇంకమీద ఆమెనే పిలుస్తాం. ఏడాదిగా మన గోడౌను బావికాడ పీపా పీపాకూ ఉప్పు కలిపి, ఒక్కణ్ణే రుచి చూసి చూసి నా నాలిక పగిలిపోయినాది."