ముక్కు మీది కోపం

"మళ్ల షురూ జేసింది," అన్నాడు జకర్యా, మంచం మీది నుంచే ముక్కు పైకెత్తి.

పై వాటా వంటింట్లోంచి చేపల వేపుడు వాసన దిగుతోంది, సరిగ్గా తన ముందుకు గంజి వచ్చే వేళకు. పద్మారావు నగర్‌లో జకర్యా సొంత ఇల్లది. పైన అద్దెకుండేది అనుపమ, ఆమె భర్త. కింద జకర్యా, ఆయన భార్య మార్త. పోయిన వారమే పొట్టకు నాలుగు చిన్న రంధ్రాలు చేసి, రాళ్లు నిండిన ఆయన పిత్తాశయాన్ని తీసేశారు. కొన్నాళ్లు నూనె వద్దు, వేపుళ్లు అసలే వద్దు అన్నాడు డాక్టర్. పిత్తంతో పాటు కోపం కూడా పోతుందేమోనని మార్త ఆశపడింది కానీ, ముక్కు మీద ఉండేదాన్ని పొట్టలో వెతికితే దొరుకుతుందా?

ఆయన మంటంతా వాసన మీదే కాదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే మార్త, "మీ కంచంలో లేనిది నా కంచంలో సుత ఉండది," అని మాటిచ్చింది. చేప లేనిదే ముద్ద దిగని మనిషి ఆమె. ఆ మాట ఆయన పాస్టరుగారికి చెప్పాడు, యాప్రాల్‌లో ఉన్న చెల్లెలికి చెప్పాడు, పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాడు. ఇప్పుడు ఆ ఇల్లాలు రెండు చెంచాల గంజి తాగి ఆకలి లేదంటుంటే ఆయన కడుపు తరుక్కుపోతోంది.

రోజూ ఆమెనే పైకి పంపేవాడు, గట్టిగా నాలుగు దులిపి రమ్మని. ఆమె విసుక్కోకుండా వెళ్లేది, చాలాసేపటికి దిగేది. చెప్పావా అంటే చెప్పానండీ అనేది. మర్నాడు మళ్లీ అదే వాసన.

డాబా మీద బట్టలారేసి, ఖాళీ బకెట్‌తో మార్త దిగింది. కొంగుతో చెమట తుడుచుకుంటూ, పోయి చెప్పి రానా అని తనే అడిగింది.

"నువ్వు చెప్పింది చాలు. నీ మెతకతనం చూసే గిట్ల నెత్తికెక్కుతున్నరు."

దిండు పొట్టకు అదుముకుని, కుట్లు లాగుతున్నా లెక్కచేయక మెట్ల దాకా నడిచి అనుపమను కేకేశాడు. పసుపు రాసిన పాదాలతో ఆ అమ్మాయి గబగబా దిగివచ్చింది.

"శ్రావణమాసం, నెలంతా నీసు ముట్టం అని మా ఇంట్ల శనగలు పంచితివి. మరి ఈ వాసనేంది? పైన పటారం, లోన లొటారం. ఒకటో తారీఖుకల్లా ఇల్లు ఖాళీ చెయ్యి."

అనుపమ ఒకసారి మార్త వైపు చూసింది. ఏదో అనబోయి ఆగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సరే అంకుల్," అని తల వంచుకుని మెట్లెక్కింది.

మార్త ముఖం పాలిపోయింది. "గంత మాటెందుకండీ. ఎవరేమడిగినా కాదనలేని పిల్ల. జెర ఆగుండ్రి, రేపటి సంది వాసన రాదు. నాది జిమ్మేదారి."

తప్పు చేసినవాళ్ల తరఫున కూడా పూచీ పడే ఆ మనసు చూసి జకర్యా కరిగిపోయాడు. అనుపమ మీది కోపం మాత్రం ఇంకో గరిటెడు పెరిగింది. కోపంతోనే మంచం మీద కూర్చున్నాడు. గంజి వచ్చింది. అలవాటు ప్రకారం భోజన ప్రార్థనకు భార్య చేయి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, నా నిమిత్తం నోరు కట్టుకున్న ఈ నీ దాసురాలిని దీవించుము. పై వాటావాళ్లకు బుద్ధి దయచేయుము. ఆమేన్."

మార్త ఆమేన్ అనలేదు. పాపం, గొంతు పూడుకుపోయింది కాబోలనుకుని, ఆయన ఆ చేతిని ఆప్యాయంగా కళ్లకద్దుకోబోయాడు.

ఆ చేతికి కొరమీను వేపుడు వాసన.