చెంచా ముందు ప్రార్థన

"...ఈ ఒక్క గిన్నె ఖాళీ అయ్యేలా చూడు ప్రభువా. ఈ మొండి తాతని కాస్త కనిపెట్టుకుని ఉండు. ఆమెన్!"

ఆయమ్మ కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో పెద్దాయన కూతురు నిలబడి ఉంది. చేతిలో సూట్‌కేసు ఇంకా కింద పెట్టనేలేదు. ముఖం మాత్రం కందగడ్డలా ఉంది.

"ఎవరు మొండి తాత?"

ఆయమ్మ నాలుక కరుచుకుంది. మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్న పెద్దాయన ఇవేమీ పట్టనట్టు నోరు తెరుచుకుని చెంచా కోసం చూస్తున్నాడు. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది గానీ ఆకలి ఎక్కడికీ పోలేదు.

"అసలు మా నాన్న ముందు ప్రార్థనలేంటి? నిన్నెవరు చెయ్యమన్నారు?"

"ప్రార్థన లేకపోతే చెంచా ముట్టరమ్మా! నాకంటే ముందొచ్చిన ఆయాలు అందుకే పారిపోయారు. ఇలాగే నోరు బిగించుకుంటే ముక్కులో గొట్టం వెయ్యాల్సిందేనన్నాడు డాక్టరు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎదురుగా గోడ మీద శిలువ కనిపించింది. కళ్ళు మూసుకుని నోటికొచ్చిందేదో చెప్పుకున్నాను. అంతే, టక్కున నోరు తెరిచారు!"

కూతురు సూట్‌కేసు దబ్బున కింద పెట్టింది. "ఆ శిలువ మా అమ్మది. పోయేదాకా ప్రార్థన చేసుకుంది కూడా ఆవిడే. ఆవిడ మోకరిస్తే చాలు, ఈయన టీవీ సౌండు పెంచేవాడు. దేవుడి పేరెత్తితే ఇంతెత్తున లేచే మనిషి!"

"అయ్యో, అలా అనకండమ్మా. కావాలంటే మీరే పెట్టి చూడండి."

"చూస్తాను. ఇది చల్లారిపోయింది, ఇలా ఇవ్వు."

గిన్నె లాక్కుని వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీదున్న సూప్ మళ్ళీ గిన్నె నిండా పోసుకొచ్చి, మంచం అంచున కూర్చుని చెంచా చాపింది. పెద్దాయన పెదాలు తలుపుల్లా మూసుకున్నాయి.

"చూశారా! ఆమెన్ పడందే తాళం తియ్యరు!" ఆయమ్మ ముఖం వెలిగిపోయింది.

"నాన్నా, ఆ... అను." కూతురికి పంతం వచ్చింది. చెంచా పెదాలకు ఆనించింది. పెద్దాయన తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మెడ నరాలు బిగుసుకున్నాయి. గొంతులో ఏదో గరగరలాడింది.

"వే..."

ఇద్దరాడవాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడే బిగుసుకుపోయారు.

"ఏంటి నాన్నా? ఏంటీ?"

"వే...డి!"

చెంచా నేల మీద పడింది. "మాటొచ్చింది! ఆయమ్మా, నాన్నకి మాటొచ్చింది!" "స్తోత్రం ప్రభువా, స్తోత్రం!" అంతదాకా కత్తులు నూరుకున్నవాళ్ళు ఒకర్నొకరు వాటేసుకుని గంతులేశారు. కూతురు తండ్రి నుదుటి మీద ముద్దు పెట్టి ఫోనందుకుంది. "అన్నయ్యా, నాన్న మాట్లాడాడు! అవును, ఇప్పుడే! ఏమన్నాడా? వేడి అన్నాడు..."

అని, ఆగిపోయింది. గిన్నెలోంచి లేస్తున్న ఆవిరి వంక చూసింది. ఆయమ్మ వంక చూసింది. ఇక నవ్వాగలేదు.

"అయ్యో ఆయమ్మా! నీ ప్రార్థన అయ్యేసరికి సూప్ చల్లారుతోంది. అంతే! మిగతావాళ్ళు కాలే సూప్ నోటికానిస్తే ఈయన నోరు బిగించాడు. ఇందులో దేవుడూ లేడు, దయ్యమూ లేదు!"

ఆయమ్మ స్టూలు మీద కూలబడింది. ఉద్యోగం పోతుందన్న భయం ఎప్పుడో పోయింది. ఇప్పుడు పట్టుకున్నది వేరే భయం. ఏనాడూ ఏ దేవుడికీ చెయ్యెత్తని మనిషి తను. ఆ మొదటి గుటక పడ్డప్పటి నుంచి దేనికి పడితే దానికి వందనాలు చెప్పుకుంటోంది. గిన్నె ఖాళీ అయినందుకు, తాత వేలు కదిపినందుకు, ఆఖరికి బస్సులో సీటు దొరికినందుకు కూడా. మొన్న ఆదివారం ధైర్యం చేసి చర్చిలో వెనకబెంచీ మీద కూర్చుని వచ్చింది. ఇదంతా సూప్ ఆవిరి మహిమేనా?

"మరి ఇన్నాళ్ళూ నేను మాట్లాడింది ఎవరితోనమ్మా?" పైకే అనేసింది.

కూతురి నవ్వు తగ్గింది. "ఊరుకో ఆయమ్మా. నాన్న తింటున్నాడు, మాటొచ్చింది. ఇంకేం కావాలి మనకి? ఇకమీదట చల్లార్చి పెట్టు, చాలు." సూప్ తనే ఊది, రుచి చూసి, వేరే చెంచాతో గిన్నె ఆమె చేతికిచ్చింది.

ఆయమ్మ శిలువ వంక చూసింది. ప్రార్థన పెద్దాయనకి అక్కర్లేకపోతే పోనీ, ఇంత మేలు జరిగాక నేను చెప్పుకోకుండా ఎలా ఉంటాను అనుకుంది. పెదవి దాటకుండా వందనాలు చెప్పుకుని చెంచా చాపింది.

పెద్దాయన నోరు మూసేశాడు.

"చల్లారింది నాన్నా! నేను రుచి చూశాను కదా!"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయమ్మని చూశాడు. గోడ మీది శిలువని చూశాడు. మళ్ళీ ఆయమ్మని చూశాడు. ఆ చూపుల వెంటే కూతురూ శిలువ వంక చూసింది. "కానివ్వు ఆయమ్మా," అంది మెల్లగా.

ఆయమ్మ కళ్ళు మూసుకుంది. కూతురు పక్కనే ఉంది కదా అని మాటలు ఏరుకుంది. "ప్రభువా, మాట మళ్ళీ తెప్పించావు, నీకు వందనాలు. ఈ పెద్దాయన్ని కాస్త కనిపెట్టుకుని ఉండు. ఆమెన్."

అయినా నోరు తెరుచుకోలేదు. పెద్దాయన చిరాగ్గా నుదురు ముడేశాడు. దుప్పటి కిందనుంచి చేతిని పైకి తీసి, తన గుండె మీద తట్టుకుని, ఉన్న బలమంతా కూడగట్టి ఆయమ్మ ప్రార్థనను సరిదిద్దాడు.

"మొం...డి... తాత!"